క్యోటో నగరమున ఒక కార్తిక సాయంకాలము

జపాను దేశమునకు నేటి రాజధాని టోక్యో యని బడిపిల్లలకు సైతము తెలియును. కాని క్రీ.శ. 794 మొదలు 1868 వఱకు, అనగా వేయిన్ని డెబ్బదినాలుగు సంవత్సరములు, ఆ దేశపు చక్రవర్తులకు నివాసమైయుండిన నగరము క్యోటో. కమ్ము చక్రవర్తి చీనాదేశమున తాంగ్ వంశీయుల రాజధానియగు చాంగాన్ పట్టణమును మాదిరిగా గొని, నిలువు వీథులును అడ్డ వీథులును చదరంగపు పటమువలె తీర్పించి దీనిని నిర్మించెను. నగరమునకు మూడు దిక్కుల కొండలు కలవు. కామో నదికి తూర్పుననున్న కొండవరుసకు హిగాషియామా యని పేరు. ఆ మాటకు ‘తూర్పుకొండ’ యనియే అర్థము. ఆ కొండపాదమున దక్షిణమునుండి ఉత్తరమునకు నడచిపోవుచున్నచో కోసెడు దూరము మించని బాటలో పదునొకండు శతాబ్దముల చరిత్ర ఎదురగును. ఈ వ్యాసకర్త ఆ దేశమును కన్నులార చూచినవాడు కాడు. పుస్తకములును పటములును చూపిన దారిని, ఒక సాయంకాలము ఆ బాటవెంట చదువరులను గొనిపోవుటయే ఇచ్చట ఉద్దేశము.

అందులకు తగిన కాలము మన కార్తికమాసమే. నవంబరు నెల నడిమినుండి తుదివఱకు ఆ కొండలలో మొమిజి యను చెట్ల ఆకులు ఎఱ్ఱబాఱును. రాత్రులు చల్లబడగా ఆకులోని పచ్చదనము క్షీణించి, దాని చోట ఎఱ్ఱని వర్ణద్రవ్యము పుట్టుట ఇందులకు కారణము. మన పల్లెలలో బాదముచెట్టు ఆకులు రాలుటకు ముందు ఎఱుపెక్కుటను చూచినవారు, ఆ యెఱుపు ఒక కొండయంతయు వ్యాపించినచో నెట్లుండునో ఊహించుకొనవచ్చును. మనవారు కార్తికమున ఉసిరిచెట్టు నీడకు వనభోజనములకు బోవునట్లు, వారును కుటుంబములతో ఈ యాకులను చూడబోవుదురు. ఆ విహారమునకు వారి భాషలో పేరు ‘ఎఱ్ఱాకుల వేట’. నవంబరు చివర అచ్చట సాయంకాలము నాలుగుముప్పావు గంటలకే ప్రొద్దు గ్రుంకును గనుక నడకను పెందలకడ మొదలుపెట్టవలెను.

మొదటి మజిలీ సన్‌జూసన్‌గెన్‌దో యను మందిరము. దీనిని చీకటి పడకమున్నే మూసివేయుదురు. 1164లో కట్టబడి, అగ్నికి ఆహుతియై, 1266లో మరల నిర్మింపబడిన ఈ మందిరము పొడవు సుమారు 120 మీటర్లు. లోపల వేయి నిలువు విగ్రహములు, నడుమ ఒక పెద్ద ఆసీనవిగ్రహము, వెరసి వేయిన్నొకటి అవలోకితేశ్వర ప్రతిమలు బారులు తీరి యుండును. అవలోకితేశ్వరుని వారు కన్నోన్ అందురు. ఆ ప్రతిమలకు ముందు పరిచారకదేవతలుగా నిలిచియున్న ఇరువదియెనిమిది మందిలో మన బ్రహ్మ కలడు, ఇంద్రుడు కలడు, గరుడుడు కలడు, కిన్నరుడు కలడు. పేర్ల ఉచ్చారణ మాత్రము మాఱినది. గరుడుని వారు ‘కరురా’ యందురు.

అచ్చటినుండి కొండ ఎక్కినచో కియోమిజు దేవాలయము. ఆ పేరునకు ‘నిర్మలజలము’ అని అర్థము; ఆలయము క్రింద నేటికిని మూడు ధారలుగా పడుచున్న ఒటోవా జలపాతమే ఆ పేరునకు మూలము. 778లో ఎన్‌చిన్ అను సన్న్యాసి దీనిని స్థాపించెననియు, తరువాత సకనోఉఎ నో తమురమారో అను సేనాపతి పోషకుడయ్యెననియు ఆలయచరిత్రము చెప్పుచున్నది. ఇది చిరకాలము హొస్సో శాఖకు చెందియుండెను. 1965లో ఉత్తర హొస్సో యను పేర స్వతంత్రశాఖకు కేంద్రమైనది. హొస్సో యనగా అసంగ వసుబంధుల విజ్ఞానవాదమే. దానిని మొదట జపానునకు గొనిపోయినవాడు దోషో అను భిక్షువు. ఇతడు 653లో సముద్రము దాటి చీనాకు బోయి హ్యూయన్‌త్సాంగు వద్ద శిష్యుడై చదివెను. ఆ హ్యూయన్‌త్సాంగే అంతకు పూర్వము మన వేంగీ దేశమును, ధాన్యకటకమును దర్శించి తన యాత్రాగ్రంథమున వర్ణించిన మహనీయుడు. కృష్ణాతీరమున నడచిన గురువు నోట విన్న పాఠము ఒక శిష్యుని వెంట సముద్రము దాటి తూర్పు ద్వీపములకు చేరినది.

ఈ యాలయము ఎన్నిసార్లు కాలినదో లెక్కించుట కష్టము. ఒక దహనపు కథ మాత్రము చెప్పదగినది. 1165లో నిజో యను మాజీ చక్రవర్తి మరణించెను. రాజుల అంత్యక్రియలయందు గొప్ప మఠములవారు తమతమ పేర్ల పలకలను సమాధిచుట్టును వరుసగా తగిలించుట ఆచారము. మొదట తొదైజీ, పిదప కొఫుకుజీ, ఆ పిదప ఎన్‌ర్యకుజీ. ఆనాడు ఎన్‌ర్యకుజీ సన్న్యాసులు వరుస తప్పించి, కొఫుకుజీ కంటె ముందుగా తమ పలకను తగిలించిరి. కొఫుకుజీ వారు దానిని నఱికి పడవైచిరి. అందుపై ప్రతీకారముగా ఎన్‌ర్యకుజీ వారు కొండ దిగివచ్చి, కొఫుకుజీకి శాఖయైన కియోమిజు ఆలయమును తగులబెట్టిరి. అగ్రతాంబూలమునకై పెండ్లిపందిట పీటలు విఱుగగొట్టుకొన్న పెద్దలను మనమును ఎఱుగుదుము. కాని సర్వమును త్యజించితిమని గుండు గొఱిగించుకొన్నవారు ఒక చెక్కపలకకై దేవాలయమునకు నిప్పు పెట్టిరనగా, అహంకారము కాషాయములోపల గూడ ఎంత భద్రముగా దాగునో తెలియుచున్నది.

ఓనిన్ యుద్ధము 1467 మొదలు 1477 వఱకు క్యోటోలో చాల భాగమును బూడిద చేసినది. అందు కియోమిజు మరల కాలెను. 1629లో మఱొక మారు కాలగా, 1633లో షోగును తొకుగావా ఇఎమిత్సు ఆజ్ఞచే కట్టబడినదే నేడు నిలిచియున్న ప్రధానమందిరము. దీనికి ముందు కొండలోయపైకి చాచియున్న చెక్కవేదిక లోకప్రసిద్ధము. నేలనుండి దాని యెత్తు 13 మీటర్లు. కేయాకి యను చేవగల వృక్షములనుండి చెక్కిన 18 పెద్ద స్తంభములు దానిని మోయుచున్నవి. స్తంభములకు రంధ్రములు తొలిచి, అడ్డదూలములను వానిగుండ దూర్చి, చీలలు బిగించి కూర్చిరేగాని ఇనుపమేకు వాడలేదు. మన పల్లెలలో బండి చేయు వడ్రంగికి ఈ మర్మము చెప్పనక్కఱలేదు. భూమి కంపించినపుడు గట్టిగా బిగిసిన కట్టడము విఱుగును. కీళ్ళు గలది ఊగి నిలుచును.

ఈ వేదికపైనుండి దూకి ప్రాణము దక్కించుకొన్నవాని కోరిక నెఱవేఱునని పూర్వము ఒక మూఢవిశ్వాసము ప్రబలియుండెను. 1694 మొదలు 1864 వఱకు గల ఆలయపు దినచర్యలలో, నడుమ కొన్ని యేండ్ల పుస్తకములు లోపించినను, 234 మంది దూకినట్లును, వారిలో 34 మంది మరణించినట్లును లెక్క దొరకుచున్నది. దూకినవారిలో ఎక్కువమంది పడుచువారు. తల్లిరోగము నయము కావలెనని దూకినవారును కలరు. 1872లో ప్రభుత్వము దీనిని నిషేధించెను. ఐనను ఏదేని సాహసకార్యమునకు తెగించుటను ‘కియోమిజు వేదికనుండి దూకుట’ యని జపానీయులు నేటికిని అందురు. లెక్కలు వ్రాసికొని బ్రతికిన నాకు, ఇట్టి దుఃఖమును సైతము తేదీలతో చిట్టాకెక్కించిన ఆ అజ్ఞాతలేఖకునిపై గౌరవము కలుగుచున్నది. అతడు వ్రాయకున్నచో ఆ 234 మంది ఉండిరని ఎవ్వరికిని తెలియదు గదా.

పైకప్పు సంగతియు చెప్పవలెను. అది పెంకు గాదు, రేకు గాదు. హినోకి చెట్టు బెరడు. చెట్టును నఱకక, నిలిచియున్న చెట్టునుండియే పైబెరడును ఒలుతురు. కొన్ని యేండ్లకు చెట్టు మరల బెరడు కట్టును. ఆ కప్పును సుమారు అర్ధశతాబ్దమున కొకసారి మార్చవలెను. ఇటీవలి మార్పు 2020లో ముగిసినది. ఆ సంవత్సరమే జపాను దారుశిల్పుల పరంపరాగతవిద్యలను ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞానసంస్థ మానవజాతి వారసత్వముగా గుర్తించెను. స్తంభములకు ముందుముందు మరమ్మతు వచ్చునని తలచి ఆలయమువారు కేయాకి మొక్కలను కూడ నాటించియున్నారు. అవి స్తంభములగుటకు కొన్ని వందలయేండ్లు పట్టును. తాము చూడని కాలమునకు కొయ్య పెంచువారి ఓపికయే ఆలయములను నిలుపుచున్నది. కాలకుండుటచేత గాదు, కాలినను కట్టువారుండుటచేత అవి ప్రాచీనములు.

నవంబరులో కొన్ని రాత్రులు ఈ యాలయమును దీపములతో తెఱచియుంతురు. క్రింది లోయలోని ఎఱ్ఱని చెట్లపై కాంతి పడగా వేదిక నిప్పులపై తేలుచున్నట్లుండును. మందిరమునుండి నీలికిరణ మొకటి ఆకాశమున సాగును. అది కన్నోన్ కరుణకు సంకేతమట. ఆ వేదికపై నిలిచి నగరపు దీపములను చూచునపుడు స్మరింపదగిన విషయమొకటి కలదు. 1945లో అణుబాంబు వేయదగిన పట్టణములుగా అమెరికా సైనికాధికారులు ఎన్నుకొన్న వానిలో క్యోటో పేరు ముందుండెను. యుద్ధమంత్రి హెన్రీ స్టిమ్సన్, తాను 1926లో ఆ నగరమును దర్శించినవాడగుటచేతను, దానిని ధ్వంసము చేసినచో జపానీయుల ద్వేషము ఎన్నటికిని చల్లాఱదని యెంచుటచేతను, పట్టుబట్టి ఆ పేరును కొట్టివేయించెను. అట్లు ఖాళీయైన స్థానమున చేరిన పేరు నాగసాకి. ఒక పట్టణము దక్కినదని సంతోషించువారు ఆ చేర్పును గూడ చదువవలెను. సామాన్యపు బాంబులు క్యోటోపైనను పడినవి. 1945 జనవరిలో ఈ కొండపాదముననే ఉమమాచి యను పేటలో జనులు చనిపోయిరి.

ఆలయమునుండి దిగు బాటలు సన్నెన్‌జాకా, నినెన్‌జాకా. మొదటిదానికి ‘మూడేండ్ల యేటవాలు’, రెండవదానికి ‘రెండేండ్ల యేటవాలు’ అని అర్థము. మొదటిదానిపై జాఱిపడినవాడు మూడేండ్లలో చచ్చునని ఒక నానుడి. రాతిమెట్లు, ఇరువైపుల కఱ్ఱజాలీల ముఖములుగల ఇండ్లు, గుమ్మములకు వ్రేలాడు దీపములు. ఈ యిండ్లను మాచియా లందురు. వీథివైపు మిక్కిలి ఇఱుకు, లోపలికి మిక్కిలి పొడవు. అందుచే ‘మలుగుచేప పడక’ యని వీనికి మాఱుపేరు. ఇంటిముఖపు వెడల్పును బట్టి పన్ను వేయుటవలన జనులు ఇట్లు కట్టిరని చెప్పుకొందురు. కొందఱు చరిత్రకారులు దీనిని అంగీకరింపరు. వీథిముఖమున ఎల్లరకు అంగడి కావలసివచ్చుటయే కారణమందురు. శిస్తు ఎచ్చట వేసిన అచ్చటనుండి తప్పించుకొనుటకు జనులు త్రోవ వెదకుదురని అనుభవము చెప్పుచున్నది గనుక, నా మ్రొగ్గు మొదటి మాటవైపే.

ఈ వీథులు దైవికముగా దక్కినవి కావు. 1960 తరువాత ప్రాతయిండ్లను కూల్చి మేడలు కట్టు వేగము పెరిగినపుడు క్యోటో పురపాలకసంఘము 1972లో శాసనము చేసి సన్నెన్‌జాకా ప్రాంతమును కాపాడెను. 1975లో దేశపు చట్టమే సవరింపబడి, ఒక్కొక్క కట్టడమునే గాక వీథిని వీథిగా రక్షించు పద్ధతి ఏర్పడెను; 1976లో సన్నెన్‌జాకాయు, గియోన్ షిన్‌బాషియు ఆ పట్టికకెక్కినవి. 2007లో నగరమంతటను భవనముల యెత్తును తగ్గించి, మిద్దెలపై ప్రకటనఫలకములను నిషేధించిరి. ఐనను మాచియాలు తగ్గుచునే యున్నవి. 2016లో లెక్కించినపుడు సుమారు 40,000 మిగిలియుండెను. చట్టము వీథిముఖమును కాపాడగలదు గాని, ఆ యింట దీపము పెట్టువారిని పుట్టింపజాలదు.

రెండు వీథుల నడుమ పడమటికి తిరిగినచో యసాకా గోపురము ఒక్కసారిగా కండ్లబడును. ఐదంతస్తులు, 46 మీటర్ల యెత్తు. 1440లో అషికాగా యోషినోరి అను షోగును కట్టించినది. ఓనిన్ యుద్ధముననుకూడ దక్కినది ఈ చుట్టుపట్టుల ఇదియొక్కటే యనదగును. దీని శిఖరమును శ్రద్ధగా చూడవలెను. పైనున్న లోహదండమునకు అడుగున బోర్లించిన గిన్నెవంటి భాగము, దానిపై తొమ్మిది వలయములు కలవు. ఆ గిన్నె మన అమరావతి, నాగార్జునకొండ స్తూపముల అండము. ఆ వలయములు ఛత్రావళి. భారతదేశమున కొండవలె నేలపై కూర్చున్న స్తూపము చీనా మీదుగా ప్రయాణించి, ఇచ్చట గోపురముయొక్క కొనపై చేటెడు వస్తువై మిగిలినది.

ఉత్తరముగా కొంత నడచినచో కోదైజీ. పేదయింట పుట్టి దేశమునంతను ఏలిన తొయొతోమి హిదెయోషి 1598లో మరణింపగా, ఆతని భార్య నెనె సన్న్యసించి, భర్త ఆత్మశాంతికై 1606లో దీనిని కట్టించెను. ఖర్చు భరించినవాడు తొకుగావా ఇఎయాసు. తొమ్మిదేండ్లకు, 1615లో, ఆ యిఎయాసే ఒసాకా కోటను ముట్టడించి హిదెయోషి వంశమును నిర్మూలించెను. ఆమె 1624 వఱకు జీవించి, దానము చేసిన చేతినే సంహారము చేసిన చేతిగా చూచెను. ఆమె సమాధిమందిరమున నల్లని లక్కపై బంగారుపొడితో చిత్రించిన పని నేటికిని ప్రసిద్ధము. శరద్రాత్రులలో ఇచ్చటి శయనించిన డ్రాగన్ కొలనులో ఎఱ్ఱని చెట్లు తలక్రిందులుగా ప్రతిఫలించును. గాలిలేనినాడు నీరు ఎచ్చట మొదలగునో గుర్తింపజాలమట. 2019లో ఈ మఠమువారు కన్నోన్ రూపమున ఒక యంత్రప్రతిమను చేయించి, దానిచే ప్రజ్ఞాపారమితా హృదయసూత్రముపై ఉపన్యాసము చెప్పించిరి. నా మనస్సునకు ఇది రుచింపలేదు. శూన్యతను గూర్చి యంత్రము చెప్పుట సముచితమే గదా యని మిత్రుడొకడు హాస్యమాడెను.

కోదైజీ కొండకు శాస్త్రోక్తనామము ‘గృధ్రశిఖరము’. బుద్ధుడు రాజగృహమున బోధించిన గృధ్రకూటమే అది. ప్రక్కనున్న రియోజెన్ కొండ పేరును అదియే. కొండ దిగి మరుయామా తోటను దాటి యసాకా దేవళమును చేరినచో, అచ్చటి పేట పేరు గియోన్. ఇది చీనాలిపిలో వ్రాసిన జేతవనము! శ్రావస్తిలో అనాథపిండికుడు నేలయంతయు బంగారునాణెములు పఱచి, జేతరాజకుమారునివద్ద కొని, బుద్ధునకు సమర్పించిన తోట. నేలను కప్పినంత నాణెములే వెలగా జరిగిన ఆ క్రయమును భార్హుత్ శిల్పులు రాతిలో చెక్కిరి. దస్తావేజు లేకున్నను సాక్ష్యము చెడలేదు. ఆ జేతవనమునకు కావలి దేవతగా చెప్పబడిన వృషభశిరస్సుగల దేవుని, గోజు తెన్నో యను పేర, ఇచ్చట మహామారి తొలగుటకై కొలిచెడివారు. 869లో దేశమున మారి పుట్టగా 66 ఈటెలు నిలిపి జరిపిన శాంతియే నేటి గియోన్ ఉత్సవమునకు మొదలు. ఓనిన్ యుద్ధమున ఆగిపోయిన ఆ యుత్సవమును 1500లో తిరిగి నిలిపినవారిలో వీథివీథి వర్తకులే ముఖ్యులు. 1868లో నూతనప్రభుత్వము షింతో దేవతలను బౌద్ధమునుండి వేఱుచేయవలెనని ఆజ్ఞాపింపగా, గోజు తెన్నో పేరు తుడిచి సుసనోఓ దేవుని నిలిపిరి, గుడిపేరును మార్చిరి. పేట మాత్రము గియోన్‌గనే మిగిలినది. సర్కారు ఉత్తరువు గుడితలుపు దాటి లోనికి పోగలిగినను జనుల నాలుకపైకి ఎక్కలేకపోయెను.

గియోన్ నేడు నృత్యగీతములకు ప్రసిద్ధము. షిరాకావా కాలువయొడ్డున తేనీటియిండ్ల దీపములు నీటిలో వణకుచుండును. సాయంకాలము తమ విధికి బోవు నర్తకీమణులను వెంబడించి చిత్రములు తీయువారి తాకిడికి విసిగి, 2024లో పేటవారు సొంతసందులలోనికి యాత్రికుల ప్రవేశమును నిషేధించి, అతిక్రమించినచో 10,000 యెన్నులు అపరాధమని పలకలు కట్టిరి. చూచుటకు వచ్చినవారే చూడదగినదానిని త్రొక్కివేయుట ఒక్క జపానుననే జరుగుచున్నది కాదు.

గియోన్‌కు దక్షిణపుకొన కెన్నిన్‌జీ మఠము. 1202లో దీనిని స్థాపించిన ఎఇసై, చీనానుండి ధ్యానమార్గమును, దానితోపాటు తేయాకు విత్తనములను తెచ్చినవాడు. ధ్యానమను మన మాటయే చీనాలో ‘చాన్’, జపానులో ‘జెన్’ అయినది. వారు స్మరించు గురుపరంపరలో పదునాలుగవవాడు నాగార్జునుడు. ఇరువదియెనిమిదవవాడు దక్షిణభారతమునుండి వెళ్ళెనని ప్రతీతిగల బోధిధర్ముడు. 1187లో ఎఇసై రెండవమారు చీనాకు బోయినది అక్కడనుండి భారతదేశమునకు నడచి బుద్ధక్షేత్రములు చూడవలెననియే. దారులు భద్రముగా లేవని అధికారులు అనుమతి నిరాకరించిరి. అతడు వెనుదిరిగెను.

ఎఇసై తేయాకు విత్తనములను క్యోటో వాయవ్యమున, ఎఱ్ఱాకులకు పేరుపొందిన తొగనోఓ కొండలలోని మ్యోఎ యను భిక్షువునకు ఇచ్చెనని చెప్పుదురు. 1173లో పుట్టి 1232లో గతించిన ఈ మ్యోఎకు భారతదేశము చూడవలెనను కోరిక జీవితమంతయు వదలలేదు. 1203లో బయలుదేఱ సంకల్పింపగా కసుగా దేవత ఒక స్త్రీని ఆవేశించి వలదనెనట. 1205లో మరల సంకల్పింపగా రోగము పైబడెను. అప్పుడతడు ఒక కాగితము తీసి, చాంగాన్ నుండి రాజగృహమునకు గల దూరమును లెక్కవేసెను. దినమునకు ఇంత నడచిన ఇన్నిదినములు, ఇంకను మెల్లగ నడచిన ఇన్నియేండ్లు, ఏ నెల ఏనాటికి చేరుదునో విభజించి వ్రాసెను. వడిగా నడచినను సుమారు వేయిదినములు పట్టునని తేలినది. నడువని ప్రయాణపు ఆ లెక్కకాగితము ఆతని కోజాన్‌జీ మఠమున నేటికిని భద్రముగా నున్నది.

కాగితముతోపాటు మ్యోఎ ఒక చిన్నరాతిని దగ్గఱనుంచుకొనెడివాడు. అది కీయి సముద్రతీరపు ద్వీపమున ఏఱుకొన్నది. భారతదేశమున బుద్ధుని పాదముద్రలున్న సువాస్తు నదీజలము సముద్రమున కలియును, ఆ సముద్రజలమే ఈ తీరమును తాకుచున్నది, కావున ఈ రాయి ఆ పాదములను కడిగిన నీట తడిసినదని యతడు నమ్మెను. దానికి ఆ నదిపేరే పెట్టుకొనెను.